పాత బోర్డులలో పనికివచ్చునవి

సిలికాన్ వ్యాలీకి ఉత్తరమున, కొండల నడుమనున్న శాన్ రామన్ పట్టణమున స్థిరపడిన మన తెలుగువారి గరాజులలో, మూలబడిన ప్రింటరో, ఎవరికిని అక్కరలేని రౌటరో, పాత కంప్యూటరు పవర్ సప్లయో లేని గరాజు అరుదు. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీకి పోయి విడిభాగములు కొని తెచ్చుకొనిన తరమువారికి, ఈ ప్రాంతమున అట్టి అంగళ్లు తగ్గిపోవుట లోటుగానే తోచును. సన్నీవేల్‌లో పాత సామగ్రి నమ్మిన ‘వియర్డ్‌స్టఫ్ వేర్‌హౌస్’ సైతము 2018లో మూతపడినది. కావున పిల్లలకు ఎలక్ట్రానిక్స్ నేర్పదలచినవారికి ఆ గరాజు మూలయే అంగడి.

అయితే బోర్డుపై కనబడిన ప్రతిదానిని పెరుకబూనుట వృథాశ్రమ. రెసిస్టర్లు క్రొత్తవే కొద్ది సెంట్లకు దొరకును. ఊడదీసినవాని కాళ్లు కురచలై బ్రెడ్‌బోర్డున నిలువవు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలోని ద్రవము వేడికిని వయస్సునకును ఎండిపోవును గనుక, నెత్తి ఉబ్బినవానిని మాత్రమేగాక, పైకి చక్కగా నున్నవానిని కూడ నమ్మరాదు. దాచుకొనదగినవి ట్రాన్స్‌ఫార్మర్లు, అల్యూమినియము హీట్ సింకులు, ఫెరైట్ చుట్టలు, బ్రిడ్జ్ రెక్టిఫయర్లు, మాస్‌ఫెట్లు, స్విచ్చులు. పాత స్కానరు దొరకెనా, దానిలోని స్టెప్పర్ మోటారును, నున్నని ఉక్కు కడ్డీని విడువరాదు.

ప్లగ్గు తీసినంతమాత్రమున ప్రమాదము తీరదు. అమెరికాలోని 120 వోల్టుల కరెంటు రెక్టిఫయరు దాటి పవర్ సప్లయ్‌లోని పెద్ద కెపాసిటరులో సుమారు 170 వోల్టులై నిలుచును. మన దేశపు 230 వోల్టులైనచో అది 325కు చేరును. కొన్ని వేల ఓముల విలువగల, వేడికి తట్టుకొను లావుపాటి రెసిస్టరు ద్వారా దానిని ఖాళీచేసి, మల్టీమీటరుతో సరిచూచిన పిదపనే చేయి పెట్టవలెను. మైక్రోవేవ్ ఓవెను జోలికి మాత్రము క్రొత్తవారు పోనేకూడదు. అందలి కెపాసిటరు వేల వోల్టులది, ప్రాణము తీయగలది.

టంకము కరగించుటలో ఒక కిటుకు గలదు. సీసము కలిసిన పాత టంకము 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగును. 2006 జూలై 1 నుండి ఐరోపా నిబంధనవలన వ్యాపించిన సీసరహిత టంకము 217 దాటినగాని కరగదు. అట్టి బోర్డుపై, మాసినట్లు బూడిదవన్నెగానున్న అతుకునకు సీసపు టంకము కొంచెము చేర్చి సోల్డరింగ్ ఐరన్ ఆనించినచో, రెండును కలిసి తళుక్కుమని మెరసి, తక్కువ వేడికే కరగును. ఆ క్షణముననే పట్టకారుతో భాగమును పైకి లాగవలెను. కిటికీ తెరచి పనిచేయుట, ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనుట మరువరాదు.

భాగములు తీసికొనగా మిగిలిన బోర్డును ఇంటి చెత్తడబ్బాలో వేయుట కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధము. తెరగల పరికరము కొన్నపుడెల్ల 2005 జనవరి 1 నుండి ఇచట రుసుము చెల్లించుచున్నది ఇట్టి వ్యర్థముల శుద్ధి కొరకే కదా. కావున దానిని ఎలక్ట్రానిక్ వ్యర్థముల సేకరణకేంద్రమునకు అప్పగింపుడు.