వార్తల్లో పదం: ఇంపోస్టర్ సిండ్రోమ్

ఉద్యోగజీవితమును గూర్చిన వార్తాశీర్షికలలో నేడు తఱచుగా కానవచ్చుచున్న ‘ఇంపోస్టర్ సిండ్రోమ్’ అనగా, స్వయోగ్యతచే సాధించిన విజయమును సైతము అదృష్టమనియో, ఎదుటివారి పొరపాటనియో తలపోసి, తన బండారము నేడో రేపో బయటపడునని లోలోపల వడకుచుండు మనఃస్థితి. 1978లో అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ విజయవంతులైన స్త్రీలలో దీనిని గుర్తించి ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అని మాత్రమే పేరిడిరి. ‘సిండ్రోమ్’ అనునది తరువాత లోకము తగిలించిన తోక. వైద్యుల రోగసూచికలలో దీనికి చోటు లేదు.

ఈ భయము గానుగెద్దువలె తిరుగును: కొత్త పని చేతికి రాగానే గుండెదడ, ఆపై రాత్రింబవళ్ళు అతిశ్రమయో, కడపటి గడియ వఱకు వాయిదాయో, పని నెగ్గినచో అతిశ్రమ చేసినవాడు కష్టఫలమనును, వాయిదా వేసినవాడు అదృష్టమనును, సామర్థ్యమను మాట ఇరువురి నోటను రాదు. నలువదియేండ్ల గుమాస్తా పదోన్నతి దరఖాస్తును ముత్యాలవంటి అక్షరములతో నింపి, సంతకము మాత్రము చేయక, గడువు దాటువఱకు సొరుగులో దాచుకొనుట ఇట్టిదే.