తిరగనని మొరాయించే పిండే తొట్టి

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఎందరో తెలుగువారికి నెలవైన బిలాస్‌పూర్ రైల్వే పట్టణం 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. వేళాపాళా లేని డ్యూటీలతో సాగే ఇక్కడి సంసారాలలో నేడు వాషింగ్ మెషిన్ విలాసవస్తువు కాదు, నిత్యావసరం. ఆరుబయట బట్టలు ఆరని వానకాలంలో దాని విలువ మరింత తెలిసివస్తుంది. సరిగ్గా అటువంటి రోజుననే, ఉతికే తొట్టి చక్కగా పనిచేస్తూ పిండే తొట్టి మాత్రం తిరగక మొరాయిస్తుంది. మెకానిక్కును పిలిచే ముందు గృహస్థులు స్వయంగా పరిశీలించదగిన అంశాలను, రెండు తొట్ల యంత్రాన్ని దృష్టిలో ఉంచుకొని ఇక్కడ వివరించడమైనది.

పనిచేసే విధానం

పిండే తొట్టి నిమిషానికి సుమారు 1300 చుట్లు తిరుగుతుంది. దాని వ్యాసార్థం 12 సెంటీమీటర్లనుకొంటే, అంచున ఉన్న బట్టపై భూమ్యాకర్షణకు 220 రెట్లకు పైగా బలం పనిచేస్తుంది. ఆ బలమే నీటిని రంధ్రాల గుండా బయటకు చిమ్ముతుంది. ఇంత వేగమున్న చోట ప్రమాదమూ పొంచి ఉంటుంది. అందువలన మూతకు రెండు రక్షణలు అమర్చబడినవి. మూత తెరవగానే మోటారుకు విద్యుత్తును ఆపే స్విచ్చి మొదటిది. ఇరుసును బిగించి ఆపే బ్రేకు రెండవది. మూత మూసినప్పుడు ఒక తీగ ఆ బ్రేకును లాగిపట్టి ఉంచుతుంది. తీగ తెగితే స్ప్రింగు బలంతో బ్రేకు పడిపోతుంది.

రైల్వే సోదరులకు ఈ సూత్రం కొత్తది కాదు. 1872లో వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకులో గొట్టం తెగి గాలి పోతే బండి తనంతట తానే ఆగిపోతుంది. లోపం ఏర్పడినప్పుడు భద్రత వైపు మొగ్గడమే రెండింటి లక్షణం. కనుక తొట్టి తిరగనంత మాత్రాన యంత్రం పాడైనదని భావించరాదు. అది ఎందుకు నిరాకరిస్తున్నదో ముందుగా తెలుసుకోవాలి.

లక్షణాలు - కారణాలు

1. శబ్దమేమీ రాకుంటే: ప్లగ్గు, ఫ్యూజు, టైమరు, మూత స్విచ్చి, ఎలుకలు కొరికిన వైర్లు వరుసగా చూడాలి.

2. మోటారు మూలుగుతూ తొట్టి తిరగకుంటే: వెంటనే స్విచ్చి ఆపి ప్లగ్గు తీసివేయాలి, లేనిచో వైండింగు కాలిపోతుంది. తొట్టి చుట్టూ ఉన్న సందులో చేతిరుమాలో, మేజోడో ఇరుక్కొని ఉండవచ్చు. మూత మూసినా బ్రేకు వదలకుంటే తీగ సాగినదో, తెగినదో గ్రహించాలి. ఈ రెండూ బాగున్నచో కెపాసిటర్‌ను అనుమానించాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో విద్యుదావేశం నిలిచి ఉంటుంది గనుక ఆ పనిని ఎలక్ట్రీషియనుకు వదలడమే క్షేమం.

3. వోల్టేజి తగ్గితే: మోటారు త్రిప్పే శక్తి వోల్టేజి వర్గానికి అనుగుణంగా తగ్గుతుంది. 230 వోల్టులకు బదులు 180 మాత్రమే అందితే ఆ శక్తి 61 శాతానికి పడిపోతుంది. కూలర్లన్నీ ఒకేసారి నడిచే వేసవి సాయంత్రాలలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

4. గడగడలాడి వేగమందుకోకుంటే: బట్టలు ఒక ప్రక్కకు చేరినవన్నమాట. వాటిని సమంగా సర్ది, పైన లోపలి మూతను నొక్కి ఉంచాలి. నీరు పోయే గొట్టం మడతపడినా, ఎత్తుగా ఉన్నా నిలిచిన నీరు తొట్టిని అడ్డగిస్తుంది.

పూర్తి ఆటోమేటిక్ యంత్రాలు నీరు పూర్తిగా బయటకు పోనిదే పిండవు. వాటిలో మొదట చూడవలసినది నీరు పోయే దారిలోని జల్లెడ.

చేయకూడని పని

మూత స్విచ్చి చెడినప్పుడు దాని రెండు వైర్లనూ నేరుగా కలిపి యంత్రాన్ని నడిపించే అలవాటు కొందరికి కలదు. యంత్రం తిరుగుతుంది, ఖర్చూ తక్కువే. కాని మూత తెరచినా మోటారు ఆగదు. తిరుగుతున్న తడిబట్ట పసివాని వేళ్లకు చుట్టుకొంటే చేయి వెనుకకు తీసుకొనే వ్యవధి ఉండదు. ఎర్ర సిగ్నలును దాటరాదని ప్రతి దినం పాటించే మనం, ఇంటిలోని ఈ చిన్న సిగ్నలును కూడా గౌరవించాలి. స్విచ్చి మార్చేవరకు బట్టలను చేతితో పిండుకొనుటే ఉత్తమం.