ఒక్కసారి నొక్కితే పదిసార్లు: బటన్ మాటను కంప్యూటర్ ఎంతవరకు నమ్మాలి?

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ ఊరు ఖరగ్‌పూర్. 2017 నవంబరులో అక్కడి స్టేషన్‌లో పాత రూట్ రిలే ఇంటర్‌లాకింగ్ తీసేసి, 800 రూట్లను సంభాళించే సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. పాతదాని సామర్థ్యం 423 రూట్లు. రిలేలు చేసే తర్కం సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. అయితే బయట ఏం జరుగుతోందో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది ఎక్కువగా లోహపు కాంటాక్టుల ద్వారానే. చిక్కంతా అక్కడే. ఇరవై రూపాయల బటన్‌ను మైక్రోకంట్రోలర్‌కు కలిపే ఇంజినీరింగ్ విద్యార్థికి ఎదురయ్యేదీ ఇదే చిక్కు.

స్టీలు గిన్నె గచ్చు మీద పడితే ఒక్కసారిగా ఆగదు, టకటకమని ఆడి కుదురుకుంటుంది. బటన్ లోపలి లోహపు రేకులూ అంతే. నొక్కగానే తగులుతాయి, ఎగురుతాయి, మళ్లీ తగులుతాయి. దీన్నే బౌన్స్ అంటారు. మన కంటికి, చేతికి ఇది తెలియదు. కానీ 16 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఆర్డుయినో ఉనోకు ఒక్క మిల్లీసెకనులో 16,000 క్లాక్ సైకిళ్లు గడుస్తాయి. అది ప్రతి ఎగురునూ కొత్త నొక్కుగా లెక్కపెట్టగలదు.

టీవీ రిమోట్‌లో ఇలా జరిగితే చానల్ రెండు గళ్లు దూకుతుంది, అంతే. రైల్వే ప్యానెల్ మీద అలా కాదు. అత్యవసరంగా రూట్ రద్దు చేసినప్పుడల్లా ఒక కౌంటర్ అంకె పెరుగుతుంది, స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్‌లో రాయాలి. ఒక్క నొక్కు రెండుగా నమోదైతే, జరగని పనికి ఎవరో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

కొత్తగా కోడ్ రాసేవాళ్లు సాధారణంగా నొక్కు కనబడగానే 50 మిల్లీసెకన్లు ప్రోగ్రామ్‌ను ఆపేస్తారు. పని జరుగుతుంది కానీ అంతసేపూ ఆ లూప్‌లోని మిగతా పనులన్నీ నిలిచిపోతాయి. బటన్‌ను నేరుగా ఇంటరప్ట్‌కు కలపడం ఇంకా చెడ్డ అలవాటు, ఎందుకంటే ప్రతి ఎగురూ ప్రాసెసర్‌ను తట్టి లేపుతుంది. టైమర్ సాయంతో 5 మిల్లీసెకన్లకోసారి పిన్ చూసి, వరుసగా నాలుగైదు సార్లు ఒకే స్థితి కనిపిస్తేనే మారిందని ఒప్పుకోవడం మేలు. పది లైన్ల కోడ్ చాలు.

ఎంతసేపు ఆగాలి? అమెరికా ఇంజినీర్ జాక్ గాన్‌సిల్ 18 రకాల స్విచ్‌లను కొలిచి చూశారు. చాలావాటి సగటు బౌన్స్ 1.6 మిల్లీసెకన్ల లోపే. ఒక్కటి మాత్రం 157 మిల్లీసెకన్ల దాకా వణికింది. అందుకే వాడబోయే స్విచ్‌ను ఆసిలోస్కోపుకు తగిలించి చూడటం ఉత్తమం.

ఆగాల్సిన సమయం రెండు వైపులా ఒకటే అయి ఉండాలా? పాఠ్యపుస్తకాలు ఈ ప్రశ్నను తరచూ దాటేస్తాయి. రైల్వే సిగ్నలింగ్ దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. పట్టా మీద బండి ఉందో లేదో చెప్పే ట్రాక్ సర్క్యూట్ కూడా తుప్పు వల్లనో, తేలికపాటి బోగీల వల్లనో మిణుకుమిణుకుమంటుంది. ‘బండి ఉంది’ అన్న సంకేతాన్ని వెంటనే నమ్ముతారు. ‘ఖాళీ అయింది’ అన్నదాన్ని మాత్రం కొంత ఆగాకే ఒప్పుకుంటారు. మన దగ్గర వాడే క్యూఎస్‌పీఏ1 రిలేను ఆలస్యంగా పైకి లేచేలా చేసింది అందుకే. ఏ తప్పు ఖరీదైనదో చూసి ఆలస్యాన్ని అటువైపు పెట్టారన్నమాట. మిక్సీకైనా, లేత్ మిషన్‌కైనా కోడ్ రాసేవారు ఇదే పాటించవచ్చు. ఆపమన్న సంకేతానికి తక్షణం ఆపి, మళ్లీ మొదలుపెట్టమన్నప్పుడు నింపాదిగా నిర్ధారించుకోవాలి. ప్రాణాపాయం ఉన్నచోట అత్యవసర స్టాప్‌ను సాఫ్ట్‌వేర్‌కే వదిలేయకుండా విద్యుత్‌ను నేరుగా తెంచేలా వైరింగ్ చేయాలి.

ఈ జాగ్రత్తకూ ఒక హద్దుంది. ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే ఉన్న బహనాగా బజార్ వద్ద 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నలింగ్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాల వల్ల, పాయింట్లు లూప్ లైను వైపు ఉండగానే మెయిన్ లైనుకు గ్రీన్ సిగ్నల్ పడిందని దర్యాప్తు తేల్చింది. అది బౌన్స్ కాదు. తప్పు వైరింగ్ నుంచి వచ్చే సమాచారం వణకదు, నిలకడగా తప్పే చెబుతుంది. డీబౌన్స్ కోడ్ దాన్ని నిజమనే అనుకుంటుంది. అక్కడ మార్పు చేసిన ప్రతిసారీ పట్టాల దగ్గర పాయింట్ ఎటు తిరిగి ఉందో, ప్యానెల్ ఏం చూపిస్తోందో మనుషులే సరిచూడాలి.