కోడి మేతలో మందు కలిపితే...

2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయినట్లు కేంద్ర పశుసంవర్ధక శాఖ గణాంకాలు తెలుపుతున్నాయి. అందులో 17.85 శాతం వాటాతో ఆంధ్రప్రదేశ్ ప్రథమ స్థానంలో ఉండగా, తమిళనాడు, తెలంగాణ ఆ తర్వాతి స్థానాల్లో నిలిచాయి. ఇంతటి పరిశ్రమ లాభనష్టాలను నిర్ణయించేది దాణా. పెంపకం ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దానిదే. కనుక దాణాలో ఏమి కలుపుతున్నారన్నది రైతుకే కాదు, వినియోగదారునికీ ముఖ్యమైన ప్రశ్న.

మొక్కజొన్న, సోయా చెక్క కోడి మేతకు ఆధారం. అయితే ఇవి మాత్రమే చాలవు. సోయాలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. దానిని విడిగా కలపకపోతే ఈకలు సరిగా రావు, ఎదుగుదల కుంటుపడుతుంది. ఒక్కొక్క గుడ్డు పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. మేతలో కాల్షియం, దానిని ఒంటబట్టించే డి3 విటమిన్ చాలకపోతే కోడి తన ఎముకల నుంచే ఆ లోటు పూడ్చుకుంటుంది. ఫలితంగా పెంకు పలుచబడుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. గింజల్లోని భాస్వరంలో అధిక భాగం ఫైటేట్ రూపంలో ఉండి కోడికి అందదు. ఫైటేజ్ ఎంజైమును కలిపితే అది విడుదలై ఒంటికి పడుతుంది, రెట్ట ద్వారా వృథాగా పోయే భాస్వరమూ తగ్గుతుంది. ఇటువంటి పోషకాలపై పెద్దగా వివాదం లేదు.

చిక్కంతా యాంటీబయోటిక్స్‌తోనే. 1940 దశకం చివర అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు బి12 విటమిన్ కోసం ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థాన్ని కోడిపిల్లలకు మేపారు. విటమిన్ వల్ల రావలసిన దానికన్నా అధికంగా ఎదుగుదల కనిపించింది. అందులో మిగిలిపోయిన మందే దానికి కారణమని తేలింది. జబ్బులేని కోళ్లకు కూడా స్వల్ప మోతాదులో మందులు మేపే అలవాటు అలా ప్రపంచమంతటా పాకింది.

స్వల్ప మోతాదు బలహీనమైన సూక్ష్మజీవులను చంపి, మందును తట్టుకోగల వాటిని మిగులుస్తుంది. అవి వృద్ధి చెంది మాంసం, రెట్ట ఎరువు, నీరు, పనివారి చేతుల ద్వారా మనుషులను చేరగలవు. మాంసాన్ని బాగా ఉడికిస్తే అందులోని సూక్ష్మజీవులు చస్తాయి గాని మిగిలిన దారులు మూసుకుపోవు. ఢిల్లీ పరిసరాల్లో సేకరించిన 70 కోడిమాంసం నమూనాల్లో 40 శాతంలో మందుల అవశేషాలున్నట్లు 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వెల్లడించింది.

కొలిస్టిన్ ఉదంతం ఈ ముప్పుకు తార్కాణం. ఇతర మందులు పనిచేయని రోగులకు వైద్యులు ఆఖరి అస్త్రంగా వాడే మందు ఇది. దీనిని తట్టుకునే శక్తినిచ్చే ఎంసీఆర్-1 జన్యువు ఒక సూక్ష్మజీవి నుంచి మరొక దానికి సులువుగా సంక్రమిస్తున్నట్లు 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించారు. పందుల్లోనూ, మాంసంలోనూ, రోగుల్లోనూ అది కనిపించింది. ఆహార జంతువులకు, కోళ్లకు, చేపల పెంపకానికి, దాణా సంకలితాలకు కొలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని భారత ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. ఎదుగుదల కోసం యాంటీబయోటిక్స్ మేపడాన్ని స్వీడన్ 1986లోనే మానగా, యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి పూర్తిగా నిలిపివేసింది.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. మేలుచేసే సూక్ష్మజీవులతో కూడిన ప్రోబయోటిక్స్, సేంద్రియ ఆమ్లాలు, ఎంజైములు పేగుల ఆరోగ్యాన్ని కాపాడగలవు. అయితే వాటి ఫలితం ఫారాన్ని బట్టి మారుతుంది. పొడిగా ఉండే లిట్టరు, శుభ్రమైన నీరు, సకాలంలో టీకాలు, కిక్కిరిసిపోని షెడ్డు లేనిచోట ఏ పొడి కలిపినా ప్రయోజనం అంతంతమాత్రమే.

కాంట్రాక్టు పద్ధతిలో పిల్లలు, దాణా, మందులు కంపెనీల నుంచే వస్తాయి. రైతుకు దక్కేది పెంపకపు కూలి. బస్తాలో ఏముందో తెలియని రైతును తప్పుపట్టి లాభం లేదు. దాణా మిల్లు వద్దనే తనిఖీ జరగాలి, కలిపిన ప్రతి మందు పేరూ బస్తాపై తెలుగులో ఉండాలి. నాలుగు రోజుల ముందు కోడి బరువు పెరగడం కోసం, రేపు ఆసుపత్రిలో మనిషికి పనికిరావలసిన మందును వృథా చేసుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే.