లక్ష్యం ఎంత దూరంలో ఉండాలి?

ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిన ఇంటర్మీడియట్ విద్యార్థులను లక్ష్యమేమిటని అడిగితే తెలుగు రాష్ట్రాల్లో తరచుగా వచ్చే జవాబు ఒక ర్యాంకో, ఒక సీటో అయి ఉంటుంది; అయితే ర్యాంకు అనేది ఒకరి చదువుతోపాటు అదే పరీక్షకు కూర్చున్న లక్షలాది మంది ఎలా రాశారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది కనుక, దాన్ని కోరిక అనవచ్చు గాని, రేపు ఉదయం ఏ పాఠం తియ్యాలో చెప్పగల లక్ష్యం అనడం కష్టం.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968లో ప్రచురించిన వ్యాసంలోనూ, గ్యారీ లేథమ్‌తో కలిసి 1990లో వెలువరించిన గ్రంథంలోనూ వివరించిన సిద్ధాంతం ప్రకారం, చేతనైనంత చేద్దామనుకునేవారి కంటే స్పష్టమైన, కొంత కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవారే మెరుగైన ఫలితం సాధిస్తారు. కాకపోతే ఆ లక్ష్యాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం, అందుకు తగిన సామర్థ్యం ఉండడం, పని ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండడం అవసరమని కూడా ఆ సిద్ధాంతం చెబుతుంది. తెలుగు ఇళ్లలో ఇందులో మొదటి సగానికి దక్కిన ఆదరణ రెండో సగానికి దక్కలేదు.

లక్ష్యం దగ్గరగా ఉండాలా, దూరంగా ఉండాలా అన్న ప్రశ్నకు ఆల్బర్ట్ బండూరా, డేల్ షుంక్ 1981లో ప్రకటించిన ప్రయోగం ఆసక్తికరమైన సమాధానం ఇచ్చింది. తీసివేతల్లో వెనకబడి, లెక్కలంటే ఇష్టంలేని పిల్లలకు 42 పేజీల అభ్యాసాలిచ్చి, కొందరికి విడతకు ఆరు పేజీలు పూర్తిచేయాలనీ, మరికొందరికి ఏడు విడతలు ముగిసేసరికి మొత్తం పూర్తిచేయాలనీ సూచించారు. లెక్క ప్రకారం రెండూ ఒక్కటే అయినా, దగ్గరి లక్ష్యం ఉన్నవారికే లెక్కలు బాగా వచ్చాయి, వాటిపై ఇష్టమూ పుట్టింది, ఫలానా పని తన వల్ల అవుతుందన్న నమ్మకం, అంటే మనస్తత్వ శాస్త్రం స్వసామర్థ్య విశ్వాసం అనేది, వారిలోనే ఎక్కువగా పెరిగింది. దూరపు లక్ష్యం ఒక్కటే పెట్టుకోవడం వల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. రెండేళ్ల తరవాతి ర్యాంకునే గోడ మీద అంటించుకునేవారు ఆలోచించదగిన ఫలితమిది.

దగ్గరి లక్ష్యాలు కూడా గడువు దాటిపోవడం సహజమే. రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామని అంచనా వేసి 55 రోజులకు పైగా తీసుకున్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగినప్పుడు వారు చెప్పిన సంఖ్య కూడా అసలు పట్టిన కాలం కంటే తక్కువే. అందువల్ల టైంటేబుల్ తప్పిన ప్రతిసారీ దాన్ని సోమరితనంగా లెక్కగట్టడం అన్యాయం. ముందుగా మార్చవలసింది వేగాన్ని, అది చాలకపోతే చదివే పద్ధతిని, ఆ రెండూ మార్చి చూశాకే లక్ష్యాన్ని. వారాంతపు పరీక్షలో వచ్చిన ర్యాంకు కంటే, ఏ రకం ప్రశ్న ఎందుకు తప్పిందన్న వివరమే ఈ నిర్ణయానికి పనికొస్తుంది.

లక్ష్యాన్నే మార్చుకోవలసిన సందర్భం అన్నిటికన్నా కఠినమైనది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు కాబట్టి అక్కడ హద్దును నిబంధనే గీస్తుంది. నీట్‌కు అటువంటి పరిమితి లేకపోవడంతో, లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరేవారు ఎన్నో ప్రయత్నం దగ్గర ఆగాలో తామే నిర్ణయించుకోవలసి వస్తుంది. ఆ నిర్ణయం ఫలితాల రోజున, బంధువుల ఫోన్ల మధ్య తీసుకునేది కాదు. పరీక్షకు ముందే, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడి రాసిపెట్టుకోవలసినది. అందని లక్ష్యాన్ని వదలగలిగి, దాని స్థానంలో మరొకదాన్ని చేపట్టగలిగినవారి మానసిక స్థితి మెరుగ్గా ఉంటుందని కార్స్‌టెన్ రోష్ బృందం 2003లో తెలిపింది. ఇక్కడ రెండో షరతు ముఖ్యం గనుక, బైపీసీ విద్యార్థులు ఎంబీబీఎస్‌తోపాటు వ్యవసాయం, ఫార్మసీ వంటి కోర్సుల వివరాలనూ మొదటి సంవత్సరంలోనే తెలుసుకుని, ఈఏపీసెట్ దరఖాస్తు గడువును కూడా నీట్ గడువు పక్కనే రాసుకోవడం మంచిది.