వార్తల్లో పదం: రేస్ కండిషన్

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌కు ఒక్క సీటే మిగిలిందనుకుందాం. నాచారంలో ఒకరు, ఉప్పల్‌లో ఒకరు ఒకేసారి బటన్ నొక్కారు. రెండు ప్రోగ్రాములూ ఉమ్మడి మెమరీలో ‘1’ చూశాయి. రెండూ టికెట్ ఇచ్చేసి ‘0’ రాశాయి. లెక్క కుదిరింది, సీటుకు మాత్రం ఇద్దరు. ఎవరు ముందన్నదాన్ని బట్టి ఫలితం తారుమారయ్యే ఈ లోపమే రేస్ కండిషన్. 1985-87 మధ్య థెరాక్-25 అనే చికిత్స యంత్రం రోగులకు మోతాదు మించి రేడియేషన్ ఇవ్వడానికి ఇదీ ఒక కారణమే.

ఒక ప్రోగ్రాము వాడుతుండగా ఇంకొకటి ముట్టకుండా ఆ మెమరీకి తాళం వేస్తే సరిపోదా అనొచ్చు. 1997లో అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ వ్యోమనౌకలో తాళం ఉంది. అది తక్కువ ప్రాధాన్యమున్న పని చేతిలో ఉండగా మధ్యస్థాయి పని అడ్డుపడింది. తాళం కోసం చూస్తున్న ముఖ్యమైన పని ఆగిపోయి కంప్యూటర్ పదేపదే రీసెట్ అయింది. తాళం అవసరమే కానీ అదొక్కటే చాలదు. కాస్త ఆలస్యమైనా, డేటాకు యజమానిగా ఒక్క ప్రోగ్రామే ఉండి మిగతావి అడిగి తీసుకోవడమే మేలు.