దెబ్బతిన్న కారు టైరు - మరమ్మతు, మార్పిడి

మేకు దిగిన లేదా గుంతలో పడి దెబ్బతిన్న కారు టైరును బాగుచేయించి వాడుకోవచ్చునా, కొత్తది వేయవలెనా అన్నది దెబ్బ పరిమాణం కంటే అది తగిలిన చోటుపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ట్రెడ్ మధ్యభాగంలో దిగిన పొడవాటి మేకు ప్రమాదకరం కాకపోవచ్చు. పక్కగోడపై (సైడ్‌వాల్) పడిన చిన్న గాటు టైరును పనికిరాకుండా చేయవచ్చు.

నిర్మాణం

నేటి కార్లకు రేడియల్ టైర్లు వాడుతున్నారు. వీటి లోపల పాలియెస్టరు వంటి పోగుల పొర ఒక అంచు నుండి రెండవ అంచు వరకు అడ్డంగా ఉంటుంది. గాలి ఒత్తిడిని ప్రధానంగా భరించేది ఈ పోగులే గాని రబ్బరు కాదు. రోడ్డును తాకే ట్రెడ్ కింద అదనంగా ఉక్కుతీగల పట్టీలు ఉంటాయి. పక్కగోడలో ఆ పట్టీలు ఉండవు. పైగా చక్రం తిరిగిన ప్రతిసారీ అది వంగుతుంది. అందువలన అక్కడ వేసిన అతుకు నిలవదు.

ఉబ్బు

కారు వేగంగా గుంతలో పడినప్పుడు పక్కగోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి లోపలి పోగులు తెగుతాయి. తెగినచోట గాలి రబ్బరును బయటకు నెట్టడం వలన ఉబ్బు ఏర్పడుతుంది. ఇది కొన్ని రోజుల తరువాత కూడా బయటపడవచ్చు. గాలి తగ్గడం లేదు కదా అని ఇటువంటి టైరుపైనే దూరప్రయాణాలు చేసేవారున్నారు. అక్కడ గాలిని ఆపుతున్నది కేవలం రబ్బరు పొర. ఎండకు వేడెక్కిన రోడ్డుపై, నిండు బరువుతో వేగంగా పోతున్నప్పుడు అది ఒక్కసారిగా పగలవచ్చు. కొందరు ఇందులో ట్యూబు వేయిస్తారు. ట్యూబు గాలిని పట్టి ఉంచుతుందే తప్ప తెగిన పోగులను కలపదు. ఉబ్బిన టైరును మార్చవలసిందే. అయితే పక్కగోడపై నిలువుగా కనిపించే స్వల్పమైన పల్లం సాధారణంగా పొరల అతుకు మాత్రమే, లోపం కాదు.

పంక్చరు

ట్రెడ్ మధ్యభాగంలో సుమారు 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రాన్ని బాగుచేయవచ్చు. టైరును రిమ్ము నుండి విప్పి, రంధ్రాన్ని పూడ్చి, లోపలివైపు అతుకు వేయడం సరైన పద్ధతి. బయటి నుండి పట్టీ దూర్చడం వలన పని త్వరగా అవుతుంది గాని లోపలి స్థితి తెలియదు. గాలి లేకుండా కొంతదూరం నడిపిన టైరు పక్కగోడ లోపల నలిగి రబ్బరు పొడి రాలుతుంది. అది కనిపిస్తే రంధ్రం ఎంత చిన్నదైనా టైరు పనికిరాదు.

అరుగుదల, వయసు

భారతదేశంలో కార్ల టైర్లకు ట్రెడ్ గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండవలెను. గాడి అడుగున ఉండే చిన్న దిమ్మెలు ట్రెడ్‌తో సమానమైతే ఆ హద్దు వచ్చినట్లే. పక్కగోడపై ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి; 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిన కారు టైరు చూడటానికి కొత్తగా ఉన్నా, పగుళ్ళు లోతుగా ఉంటే నమ్మరాదు.

మార్చేటప్పుడు

రెండు కొత్త టైర్లు వేసినప్పుడు వాటిని వెనుక చక్రాలకు అమర్చడం మంచిది. చాలామంది ముందుకే వేయిస్తారు. కాని తడిరోడ్డుపై వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది, అదుపు చేయడం కష్టం. స్టెప్నీగా చిన్న చక్రం ఇచ్చిన కార్లలో దానిపై ముద్రించిన వేగాన్ని మించరాదు. సాధారణంగా అది గంటకు 80 కిలోమీటర్లు.